కాళ్ళ మీద వేసుకుని

అమ్మమ్మకు చదువు రాదు. అయినా పసిబిడ్డలకు నూనె రాసి ఒళ్ళు తోమడం మీద లెబోయే అనే డాక్టరు వేసిన ఫోటోల పుస్తకాన్ని ఆవిడ చూసినంత శ్రద్ధగా మా ఇంట్లో ఇంకెవరూ చూడలేదు. 1995 వేసవిలో హైదరాబాదు మా అద్దె ఇంటికి వచ్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి, పేజీ తిప్పే ముందు నా వంక చూసి, నేను తలూపాకే తిప్పేది. ఆ పుస్తకం మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే అంతకు మూడేళ్ళ ముందు నుంచి మొదలుపెట్టాలి.

1992 జనవరిలో నాకు ఏడో నెల. పురిటికి పుట్టింటికి, తెనాలి దగ్గరి మా పల్లెకు వచ్చాను. విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతోందంటే మావారు తీసుకెళ్ళారు. అంతమంది జనంలో ఎందుకని అమ్మ గొణిగింది. అక్కడ ఒక బల్ల మీద కనిపించింది ‘సవాలక్ష సందేహాలు’. హైదరాబాదులో అన్వేషి అనే స్త్రీల అధ్యయన సంస్థ వాళ్ళు తయారుచేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన పుస్తకం, అప్పటికి అచ్చయి ఏడాదే. స్త్రీల ఒంటి గురించి, గర్భం గురించి, కాన్పు గురించి మామూలు తెలుగులో, సిగ్గుపడకుండా, భయపెట్టకుండా రాశారు. నిలబడి నాలుగు పేజీలు చదివేసరికి కళ్ళు చెమర్చాయి. ఏడు నెలలుగా నా లోపల జరుగుతున్నది ఏమిటో ఎవరూ ఇంత తిన్నగా నాకు చెప్పలేదు.

బొప్పాయి తినకు, నువ్వులు తినకు, గుమ్మం మీద కూర్చోకు, చీకటి పడ్డాక చెట్టు కిందికి వెళ్ళకు. మా ఊళ్ళో గర్భిణికి దొరికే చదువు అదే. అసలు కాన్పు ఎలా జరుగుతుందని అడిగితే, “ఆ సమయానికి అన్నీ అవే జరుగుతాయిలే” అనేవాళ్ళు. అలా చెప్పిన వాళ్ళందరూ నలుగురేసి పిల్లల్ని కన్నవాళ్ళే. వాళ్ళకు తెలియక కాదు, మాటలు లేక. ఆ మాటలు ఆ పుస్తకంలో ఉన్నాయి. దానికి అమెరికాలో ఒక అక్క ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బోస్టన్ నగరంలో కొందరు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని తమ శరీరాల గురించి తామే చదువుకుని, 1970లో 193 పేజీల పుస్తకం చవక కాగితం మీద వేసి 75 సెంట్లకు అమ్మారు. తర్వాత ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. ఎక్కడి బోస్టన్, ఎక్కడి తెనాలి! కానీ అక్కడ వాళ్ళకు వచ్చిన సందేహాలే ఇక్కడ నాకూ వచ్చాయి.

బిడ్డ రావాలంటే గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోవాలని చదివిన రోజు, స్కేలు తీసుకుని కాగితం మీద అంత గుండ్రం గీశాను. వంటింట్లోకి వెళ్ళి ఊరగాయ జాడీ మూత తెచ్చి దాని మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. అమ్మమ్మ బియ్యం ఏరుతూ చూస్తోంది.

“ఏమిటే ఆ మూత?”

చెప్పాను. చేట పక్కన పెట్టింది. మా మంత్రసాని వేళ్ళతో చెప్పేదంది. ఒక వేలు పట్టిందంటే పొయ్యి మీద నీళ్ళు పెట్టక్కర్లేదు, మూడు వేళ్ళు పట్టిందంటే కాగు కింద మంట వేయాలి. ఆ వేళ్ళ లెక్క నాకు చూపించడానికి ఆవిడ తన చెయ్యి చాపి ఒక్కో వేలూ విప్పింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగితే, “నువ్వు అడగలేదుగా తల్లీ” అంది.

అమ్మమ్మవి ఏడు కాన్పులు. ఏడూ ఇంట్లోనే. నొప్పులు ఎక్కువైనప్పుడు దూలానికి కట్టిన చీర పట్టుకుని గొంతుక్కూర్చుని కన్నదట. మంచం మీద వెల్లకిలా పడుకుని కనడం ఆవిడ ఎరగదు. అయితే ఆ రోజుల్ని నేను పొగడబోతే ఊరుకునేది కాదు. వాళ్ళ అక్క మాయ పడక, రక్తం ఆగక, తెనాలి తీసుకెళ్తుంటే ఎడ్లబండిలోనే పోయింది. అమ్మమ్మ ఏడుగురిలో ఇద్దరు పురిట్లోనే పోయారు. సహజ ప్రసవం గురించి ఆ తర్వాత నేను ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ ఎడ్లబండిని పక్కన పెట్టి చదవలేదు. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. అమ్మమ్మ కాలంతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. ఆస్పత్రి, రక్తం, మందు, అవసరమైనప్పుడు కత్తి, ఇవన్నీ ఉండబట్టే ఇంతమంది తల్లులు బతికి ఇంటికి వస్తున్నారు.

మార్చిలో నొప్పులు వచ్చాయి. పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాత్రి తొమ్మిదికి లోపలికి పంపి తలుపు వేశారు. అమ్మమ్మ తనూ వస్తానంది. లోపలికి ఎవరూ రాకూడదన్నారు. ఊళ్ళో సగం మంది పురుళ్ళలో పక్కన కూర్చున్న మనిషి, ఆ రాత్రంతా వరండాలో చెక్క బల్ల మీద, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. లోపల నేను వెల్లకిలా, కదలడానికి లేకుండా. లేచి నడుస్తానంటే వద్దన్నారు. మంచినీళ్ళు అడిగితే వద్దన్నారు. అరిచినందుకు ఆయా కసిరింది. ఎప్పుడు కోశారో, ఎందుకు కోశారో చెప్పలేదు, కుట్లు వేస్తుంటే తెలిసింది. నాకు పుస్తకం వల్ల అన్నీ తెలుసు. ఇప్పుడు ఎన్ని సెంటీమీటర్లని అడిగాను కూడా. “అవన్నీ నీకెందుకమ్మా” అని జవాబు వచ్చింది. నొప్పి కంటే ఆ మాట ఎక్కువ కాలం గుర్తుంది. తెల్లవారుజామున పాప పుట్టింది. గుడ్డలో చుట్టి ఎటో తీసుకెళ్ళారు. నాకు చూపించేసరికి బాగా తెల్లవారింది.

ఇంటికి వచ్చాక ఒక విషయంలో అమ్మమ్మకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. మొదటి మూడు రోజుల పాలు పిండి పారబోయడం మా ఇంటి ఆచారం. పసుపుపచ్చగా ఉంటాయి, పిల్లకు అరగవంటారు. ఆ ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్ష అని నేను చదివాను. చదివింది పైకి వినిపించాను. అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అవును, దూడకైతే వదులుతాం కదా” అంది. ఆ రోజు నుంచి ఆచారం మారింది. ఎనభై గడప ఉన్న మా వీధిలో ఆ తర్వాత ఏ పురిటింటికి వెళ్ళినా ఆవిడే ఈ మాట చెప్పేది, నా పేరు కూడా చెప్పకుండా, తనే కనిపెట్టినట్టు. నాకు అది ఎంతో సంతోషంగా ఉండేది.

పాపకు నీళ్ళు పోయడం మాత్రం ఆవిడ రాజ్యం. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ బార్లా చాపేది. పాదాల వైపు తల వచ్చేలా పాపను కాళ్ళ మీద వేసుకునేది. ముందు మాడు మీద గోరువెచ్చటి ఆముదం, వేలితో గుండ్రంగా, ఎంత తేలిగ్గా అంటే పాప కళ్ళు మూతలు పడేవి. ఆ తర్వాత రొమ్ము, చేతులు, పొట్ట, కాళ్ళు. కుడిచెయ్యి ఎడమకాలును తాకేలా, ఎడమచెయ్యి కుడికాలును తాకేలా మడిచి విప్పేది. బోర్లా తిప్పి వీపు. పెసరపిండి నలుగు. ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతి మీదుగా చెంబుతో ధారగా నీళ్ళు. చివరి చెంబు నీళ్ళు పాప చుట్టూ మూడుసార్లు తిప్పి పారబోసి, “శ్రీరామరక్ష, నూరేళ్ళు ఆయుష్షు” అనేది. మొదట్లో ఏడ్చిన పాప పదో రోజుకల్లా నీళ్ళ చప్పుడు వింటేనే కాళ్ళాడించడం మొదలుపెట్టింది. చెవుల్లో నూనె చుక్క వేయబోతే నేను ఆపాను, డాక్టరు వద్దన్నారని. ఆవిడ ఒప్పుకుంది.

ఆ దృశ్యం ఒక్క ఫోటో తీసుకోలేదు. కెమెరా లేదు మాకు. రోజూ జరిగేదాన్ని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది?

ఇక హైదరాబాదులోని ఆబిడ్స్. ఆదివారాలు దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందు కాలిబాట పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. 1995లో, రెండోసారి నెల తప్పిన కొత్తల్లో, అక్కడ ఇంజినీరింగు గైడ్ల గుట్టలో ఆ పుస్తకం కనిపించింది. వెడల్పాటి పుస్తకం, నిండా నలుపు తెలుపు ఫోటోలు. తెరిస్తే, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒక మన దేశపు అమ్మాయి, కాళ్ళ మీద పసిబిడ్డ. ఒక్క క్షణం ఊపిరి ఆగింది. మా పెరడు, మా అమ్మమ్మ, ఆబిడ్స్ రోడ్డు మీద. ఇరవై రూపాయలకు బేరం కుదిరింది.

ఫ్రెడరిక్ లెబోయే ఫ్రాన్సులో కాన్పుల డాక్టరు. ఎన్నో వేల మంది బిడ్డలకు పురుడు పోశాడు. పుట్టే బిడ్డకు మనం ఇచ్చే స్వాగతం ఇదేనా, కళ్ళు జిగేల్మనే లైట్లు, అరుపులు, తలకిందులుగా పట్టుకుని కొట్టడం అని మథనపడి, 1974లో ఒక పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో దాని పేరు ‘బర్త్ వితవుట్ వయలెన్స్’. వెలుతురు తగ్గించండి, మెల్లగా మాట్లాడండి, బిడ్డను తల్లి పొట్ట మీద పెట్టండి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కోయండి, గోరువెచ్చటి నీళ్ళలో ఉంచండి అన్నాడు. తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే బొడ్డు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమంటోంది. ఈ డాక్టరు కలకత్తా వచ్చినప్పుడు పేదల బస్తీలో శాంతల అనే తల్లి బిడ్డకు ఆవనూనెతో ఒళ్ళు తోమడం చూశాడు. కూర్చుని చూశాడు, ఫోటోలు తీశాడు, 1976లో పుస్తకం వేశాడు. అదే నాకు దొరికిన ‘లవింగ్ హ్యాండ్స్’.

అమ్మమ్మ చూసింది అదే.

“ఈ పిల్లది ఏ ఊరు?”

“కలకత్తా.”

“నూనె ఏమిటి?”

“ఆవనూనె.”

“ఘాటు కదే పసిదానికి!” అంటూనే తర్వాతి ఫోటో మీద వేలు పెట్టింది. “కానీ వీపు చూడు, ఎంత నిటారుగా ఉందో. ఇలా కూర్చుంటే నడుం పట్టదు. నేర్చిన పిల్లే.” ఇంకో పేజీ. “చెయ్యి ఇలా మెలితిప్పుతూ కిందికి తేవడం బాగుంది. నేను నొక్కుతాను, ఈ అమ్మాయి పిండుతోంది.” తన చేత్తో గాలిలో రెండుసార్లు చేసి చూసుకుంది. అప్పుడు అడిగింది, ఈ ఫోటోలు ఎవరు తీశారని. ఫ్రాన్సు డాక్టరని చెప్పాను. “డాక్టరా? మగవాడా? ఇంతసేపు కింద కూర్చుని చూశాడా?” అని ఆ అట్ట వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. వరండాలో చెక్క బల్ల మీద గడిపిన రాత్రి గురించి ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆ మధ్యాహ్నం కూడా అనలేదు.

బొడ్డుతాడు సంగతి చెబితే, మా మంత్రసాని కూడా మాయ పడ్డాకే కోసేదంది. చివరి పేజీల్లో, ముఖం తోమే ఫోటోల దగ్గర మాత్రం ఆగిపోయింది. వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. “తల ఇప్పుడా? చివరనా? కాదు తల్లీ. మాడు ముందు. మాడు తడవకుండా ఒళ్ళు ముట్టుకోకూడదు.” ఈ విషయంలో రాజీ లేదు.

ఆ వేసవంతా నేను చదువుతూనే ఉన్నాను. గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఇంగ్లండు డాక్టరు పుస్తకం ఒక స్నేహితురాలు ఇచ్చింది. లండన్ వైట్‌చాపెల్‌లో, పగిలిన కిటికీలోంచి వాన కొడుతున్న గదిలో, ఒక పేదరాలి కాన్పుకు వెళ్ళి, నొప్పి తెలియకుండా క్లోరోఫామ్ ఇస్తానంటే ఆమె వద్దని, నిబ్బరంగా బిడ్డను కన్నదట. ఎందుకు వద్దన్నావని అడిగితే, అసలు నొప్పి పెట్టలేదని, పెట్టాల్సింది కాదు కదా అని ఆయన్నే ఎదురు అడిగిందట. భయం ఒళ్ళు బిగపడుతుంది, బిగుసుకున్న ఒళ్ళు నొప్పిని పెంచుతుంది అనే సూత్రం ఆయన అక్కడి నుంచి అల్లుకున్నాడు. నొప్పి ఉండదంటే నేను నమ్మను, నాకు ఉంది. కానీ భయం గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ ఆయా కసిరిన క్షణంలో నా నడుం రాయిలా బిగుసుకోవడం నాకు గుర్తుంది.

ఇంకొకటి చదివాను, అది నన్ను బాగా కదిలించింది. గ్వాటెమాలా దేశంలో ఒక ఆస్పత్రిలో, కొందరు తల్లుల దగ్గర నొప్పుల సమయమంతా ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారు. బంధువు కాదు, నర్సు కాదు, ముక్కూమొహం తెలియని మనిషి. చెయ్యి పట్టుకోవడం, వీపు నిమరడం, మాట్లాడడం, అంతే ఆమె పని. 1980లో ప్రచురించిన ఆ పరిశీలనలో, తోడు ఉన్న తల్లులకు కాన్పు సగటున 8.8 గంటల్లో అయింది. తోడు లేనివాళ్ళకు 19.3 గంటలు పట్టింది. ఆ అంకెలు కాగితం మీద రాసి మావారికి చూపించాను. ఆయన చదివి, “ఈసారి అమ్మమ్మను లోపలికి రానిచ్చే డాక్టరును వెతుకుదాం” అన్నారు.

వెతికాం. దొరికారు. రెండో కాన్పు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నడిచాను, మంచినీళ్ళు తాగాను, అమ్మమ్మ నా నడుం కింద అరచెయ్యి పెట్టి రుద్దుతూ కూర్చుంది, బాబు పుట్టాడు. ఆవిడకు అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. 2004లో పోయింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి తల్లికి తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని 2016లో కేంద్రం చెప్పినట్టు పేపర్లో చదివిన ఉదయం, నేను ఆ పేపరు మడిచి లెబోయే పుస్తకంలో పెట్టాను. ఇంకెవరికి చూపించను?

ఆనాటి పాప 2022లో తల్లి కాబోయింది. తనకు పుస్తకాల కంటే డాక్యుమెంటరీలు ఎక్కువ ఇష్టం. ఒక రాత్రి ఇద్దరం పక్కపక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ‘ద బిజినెస్ ఆఫ్ బీయింగ్ బోర్న్’ చూశాం. రికీ లేక్ నిర్మించగా ఆబీ ఎప్‌స్టీన్ తీసిన చిత్రం. అమెరికాలో కాన్పు వ్యాపారంగా మారిన తీరు, ఇళ్ళలో మంత్రసానుల చేతుల మీద జరిగే కాన్పులు చూపిస్తుంది. నీళ్ళ తొట్టిలో, మోకాళ్ళ మీద, భర్త మెడ పట్టుకుని వేలాడుతూ కంటున్న ఆడవాళ్ళను చూస్తుంటే, దూలానికి కట్టిన చీర కళ్ళ ముందు ఆడింది. ఆ చిత్రంలో నాకు అన్నిటికంటే నచ్చింది ముగింపు. తీస్తుండగానే దర్శకురాలు గర్భవతి. ఇంట్లోనే కనాలనుకుంది. నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఆస్పత్రికి పరుగెత్తారు, సిజేరియన్ అయింది. తను నమ్మినదానికి విరుద్ధంగా జరిగినదాన్ని దాచకుండా చిత్రంలోనే పెట్టింది. అంత నిజాయతీగా చెప్పినవాళ్ళ మాట వినబుద్ధేస్తుంది.

మా అమ్మాయి కాన్పు హైదరాబాదులో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు అయితే, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. ఇంతమంది తల్లులకు కత్తి నిజంగా అవసరమా? ముహూర్తం పెట్టించి మరీ కోయించుకోమని మాకూ సలహా ఇచ్చిన బంధువులు ఉన్నారు. పుట్టే బిడ్డకు తన సమయం తనకు ఉండనివ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, కోపం కూడా తెప్పిస్తుంది. ఇప్పుడు నర్సులకు మంత్రసానులుగా శిక్షణ ఇచ్చే పని మన దగ్గరా మొదలైంది. 2018లో కేంద్ర ప్రభుత్వం దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అలా శిక్షణ పొందిన ఒక అమ్మాయి మావాళ్ళకు దొరికింది. పద్నాలుగు గంటలు పక్కనే ఉంది. నడిపించింది, వంగోబెట్టింది, ప్రతి పరీక్షకూ ముందు “చూడనా అక్కా?” అని అడిగింది. ఎన్ని సెంటీమీటర్లో తనే చెప్పింది. నేను ఆ గదిలోనే, గోడ పక్క కుర్చీలో ఉన్నాను. ఆ అమ్మాయి ఆ అంకె చెప్పిన ప్రతిసారీ నాకు ఊరగాయ జాడీ మూత గుర్తొచ్చింది.

ఎనిమిది దగ్గర ఆగింది. బిడ్డ గుండె వేగం తగ్గసాగింది. డాక్టరు వచ్చి కూర్చుని, ఏం జరుగుతోందో, ఎందుకు ఆపరేషను చేయాలో మా అమ్మాయికి చెప్పి, తను సరేనన్నాకే తీసుకెళ్ళారు. మనవరాలు క్షేమంగా పుట్టింది. మర్నాడు అమ్మాయి నీరసంగా నవ్వి, “ఆ సినిమాలో లాగే అయింది కదమ్మా” అంది. ఆ గొంతులో ఓడిపోయానన్న దిగులు లేదు.

కుట్లున్న మనిషి కింద కూర్చుని కాళ్ళు చాపలేదు. అందుకని పాపకు నీళ్ళు పోయడం నా వంతు అయింది. స్నానాల గదిలో పీట వేసుకుని కూర్చున్నాక తెలిసింది, నాకు వరస సరిగ్గా గుర్తులేదని. చూసినదే కానీ చేసినది కాదు. ఇద్దరు పిల్లలకూ అమ్మమ్మే పోసింది. ముప్పై ఏళ్ళ కిందటి ఆ చేతుల్ని అడుగుదామంటే ఒక్క ఫోటో లేదు. మావారిని కేకేసి, బీరువా కింది అరలోంచి లెబోయే పుస్తకం తెప్పించుకుని, తడి తగలకుండా బకెట్టుకు అవతల స్టూలు మీద తెరిచి పెట్టించాను. అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడి పేజీలు తిప్పింది. రొమ్ము మీద రెండు అరచేతులూ పక్కలకు. సరే. భుజం నుంచి మణికట్టు దాకా. అమ్మమ్మ నొక్కేది, శాంతల పిండుతుంది. నేను కొంత నొక్కి, కొంత పిండాను. పాప గుడ్లప్పగించి చూస్తోంది.

“అమ్మా, నువ్వు తలకు ముందే రాసేశావు. ఇందులో తల చివర్న ఉంది.”

“ఆ పేజీ వదిలెయ్. మాడు ముందు” అన్నాను.